మా షెడ్డు ఏ గడిలోకి వస్తుంది

“దులుపు దులుపు చెల్లెలా, దుమ్మంతా దులుపు
మూల దాగిన గింజని ముద్దాడి నిలుపు...”

ఆ తర్వాత ఏదో ఉండేది. గింజ ఏదో జవాబు చెబుతుంది. ఏం చెబుతుందో, ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు సంచులు దులుపుతూ పాడుకునేవాళ్ళం. ఇప్పుడు కోపం వచ్చినప్పుడు మాత్రమే నోట్లోకి వస్తుంది. తిట్టడం నాకు చేతకాదమ్మాయ్, అందుకని పాడతాను.

అబ్బే, నీ మీద కాదులే కోపం. కూర్చో. ఆ కుర్చీ కాదు! దానికి ఒక కాలు పొట్టి. కంపెనీ నుంచి వచ్చిన మనిషిని పడేశారని అదొకటి రాస్తారు మా మీద. ఈ సంచుల కట్ట మీద కూర్చో. మెత్తగా ఉంటుంది. దులిపినవేలే, బట్టలకి అంటదు.

నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. నిన్న ఫోనులో మీరు మీరు అనే మాట్లాడాను కదా? అప్పుడు నీ మొహం చూడలేదు. చూశాక మా మనవరాలి ఈడు పిల్లవి, ఇంక నా వల్ల కాదు.

సరే. ఈ కాగితం సంగతి చెప్పు. మా షెడ్డు పేరు పక్కన ఈ ఎర్రచుక్క ఎవరు పెట్టారు?

యంత్రమా? యంత్రం పెట్టిందా! యంత్రం మా షెడ్డు ఎప్పుడు చూసిందట? ఇటువైపు ఎవరూ వచ్చిన గుర్తు లేదే నాకు.

నవ్వకు. నవ్వితే మంచిదానిలా కనిపిస్తున్నావు, నాకేమో ఇంకా కోపం అయిపోలేదు.

ఈ ఉత్తరం మా మనవరాలు చదివి పెడతానంది. వద్దన్నాను. నేనే చదివాను, రెండు పూటలు పట్టింది. ‘కర్బన ఉద్గారాల తగ్గింపు మదింపు’ అన్న దగ్గరే ఒక పూట అయిపోయింది. ఉద్గారం అంటే ఏంటమ్మా అని అడిగితే, మా పిల్ల, బయటికి వదిలే పొగ నాయనమ్మా అంది. ఆ మాటేదో పొగ అనే రాయొచ్చు కదా! కంటికి కనపడని పొగ కూడా ఉంటుందట. ఎంత ఆశ్చర్యం! ఇన్నేళ్ళూ కనపడేదే పొగ అనుకుంటూ బతికేశాను.

సరే, కనపడని పొగే అనుకుందాం. లే. లేవమ్మా, కూర్చున్నది చాలు. రా, మా పొగగొట్టం ఎక్కడుందో వెతుకుదాం.

ఇది గుమ్మం. ఇక్కడ మీ విత్తనాల కంపెనీ లారీ ఖాళీ సంచులు దింపుతుంది. రైతుల దగ్గర్నించి తిరిగొచ్చినవి. ఎలుక కొరికినవి, కొక్కెం గుచ్చి చింపినవి, వానకి తడిసి అట్టకట్టినవి. ఇదిగో, వీళ్ళిద్దరూ తిరగేసి దులుపుతారు. ఆ ముక్కుకి గుడ్డ కట్టుకున్నావిడ పేరు తుమ్ములావిడ. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో. రోజుకి వంద తుమ్ములు. మా షెడ్డు నుంచి బయటికి వదిలేది ఏదైనా ఉందీ అంటే, ఆవిడ తుమ్మే. రాసుకో.

ఏయ్ తుమ్ములావిడా, నవ్వింది చాలు, పని చూడు! చూశావా, కార్బన్ పిల్ల వచ్చిందని తెలిసి తొమ్మండుగురూ చెవులు ఇటే పారేశారు.

ఇక్కడ చిరుగులకి మాసికలు వేస్తాం. ఇంక కుట్టడానికి పనికిరాని సంచిని ముక్కలు కోసి, మిగతావాటికి మాసికలు చేస్తాం. దబ్బనం, పురికొస, చెయ్యి. ఇంతే. ఇంజను లేదు. నీళ్ళు కాచే బాయిలర్ లేదు. రంగులు లేవు. ఆ గోడకి దుమ్ము పీల్చే ఫ్యాను ఒకటి, పైన నాలుగు బల్బులు. అవీ వానాకాలం మబ్బు పట్టినప్పుడే వేస్తాం.

అయిపోయింది. ఇదే మా షెడ్డు. ఏదీ, పొగగొట్టం కనపడిందా?

పోనీ, వెనక గదిలో చూస్తావా? అక్కడొక మంచం ఉంది. అంతే.

మరి ఉత్తరంలో ఏముంది? ‘మీ పరిశ్రమ సగటును బట్టి మీ ఉద్గారాలు అధికం. అయిదేళ్ళలో నూటికి నలభై తగ్గించే ప్రణాళిక పంపండి. పంపనిచో వచ్చే నెల నుంచి సరఫరాదారుల జాబితా నుంచి తొలగిస్తాం.’ చూశావా, చూడకుండా చెప్పాను. అన్నిసార్లు చదివాను మరి.

ఏం తగ్గించమంటావు చెప్పు? నాలుగు బల్బుల్లో రెండు పీకెయ్యనా? అందరం వంతులేసుకుని ఊపిరి పీల్చమంటావా? మా దగ్గర ఉంటే కదా తగ్గించడానికి! ఊరి చివర నారమిల్లు ఉంది. వాళ్ళు పాత బాయిలర్ తీసేసి కొత్తది పెట్టారు. ముందు కొండంత పొగ, ఇప్పుడు అరకొండ. వాళ్ళకి ఆకుపచ్చ చుక్క! మేం పుట్టిన దగ్గర్నించీ పొగ లేనివాళ్ళం. మాకు ఎర్రచుక్క! మేం కూడా నాలుగేళ్ళు టైర్లు తగలబెట్టి, అయిదో ఏట మానేసి ఉంటే మీకు సంతోషంగా ఉండేదేమో.

అలా కాదా? అయితే ఎలాగో చెప్పు, వింటాను.

ఊఁ... ఊఁ... సరఫరా చేసేవాళ్ళు వెయ్యిమందికి పైగా ఉంటారు, అందరి దగ్గరికీ వెళ్ళి కొలవలేరు. బాగుంది. అందుకని పరిశ్రమల పట్టీ ఒకటి పెట్టుకుంటారు. ఎవరు ఏ పరిశ్రమో చూసి, ఆ గడిలో పడేస్తారు. కొలిచిన లెక్క పంపినవాళ్ళకి వాళ్ళ లెక్క. పంపనివాళ్ళకి ఆ గడిలో అందరి సగటు. మేం పంపలేదు కాబట్టి, సంచులు తయారుచేసే ఫ్యాక్టరీల సగటు తీసుకొచ్చి మా నెత్తిన పెట్టారు. అంటే ఆ బాయిలర్లూ, ఆ మగ్గాలూ, ఆ నూనె పొయ్యిలూ అన్నీ కాగితం మీద మా షెడ్డులోనే ఉన్నాయన్నమాట. ఇంత చిన్న షెడ్డులో ఎలా పట్టాయమ్మా?

మరి పదిళ్ళవాళ్ళ సగటు బరువు తీసుకొచ్చి, నువ్వు ఇంత బరువున్నావు, సగం తగ్గు అని నీకు చెబితే? నిన్ను చూస్తే గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావు.

ఆగు, మీ ఫారంలో ఇంకోటి ఉంది. ‘సంవత్సరానికి ఎన్ని సంచులు సరఫరా చేశారు’ అని అడిగారు. అరవై వేలు అని రాశాం. నిజమే! లారీకెక్కించిన ప్రతి సంచీ లెక్క ఉంది. మీ యంత్రం ఏమనుకుంది? అరవై వేల కొత్త సంచులు పుట్టించాం అనుకుంది. నార పండించి, వడికి, నేసి, రంగేసి. కొత్త సంచికి ఎంత పొగో అంతా ఒక్కో సంచికీ కట్టి, అరవై వేలతో గుణించింది.

ఇటు రా. ఈ సంచి మూల చూడు. ఇక్కడ వేలు పెట్టు. తగులుతున్నాయా, చిన్న చిన్న కుట్లు? ఒక్కసారి మా చేతుల్లోంచి వెళ్ళిందంటే మూలన ఒక కుట్టు వేస్తాం. మా వదిన పెట్టిన పద్ధతి. వదినంటే మా ఆయన అక్క. ముప్ఫై ఏళ్ళ కిందట రెండు దబ్బనాలతో ఈ షెడ్డు పెట్టింది ఆవిడే. ఆవిడకి అక్షరం రాదు. అందుకని సంచి మీద రాయడానికి ఇది కనిపెట్టింది.

లెక్కపెట్టు. పైకే లెక్కపెట్టు, సిగ్గెందుకు?

పంతొమ్మిది! అంటే ఈ ఒక్క సంచీ పంతొమ్మిదిసార్లు నిండి, పంతొమ్మిదిసార్లు మా దగ్గరికి తిరిగొచ్చింది. ఏడాదికి మూడు తిరుగుళ్ళు. ఆరేళ్ళు దాటింది దీనికి. మీ యంత్రం లెక్కలో ఇవి పంతొమ్మిది సంచులు. నీ వేలి కింద ఉన్నది ఎన్ని?

మరదే.

మొత్తం తిరిగేవి ఇరవై వేల సంచులేనమ్మాయ్. అవే వెళ్ళి అవే వస్తాయి, అత్తారింటికీ పుట్టింటికీ తిరిగినట్టు. మేం లేకపోతే ఏటా దగ్గర దగ్గర అరవై వేల కొత్త సంచులు మీ కంపెనీ కొనాలి. అంటే మేం ఏవైతే పుట్టకుండా ఆపామో, సరిగ్గా అవే పుట్టించామని మా మీద రాశారు! పైగా మమ్మల్ని తీసేసి ప్లాస్టిక్ సంచుల ఫ్యాక్టరీవాళ్ళ దగ్గర కొంటారట కదా? వాళ్ళ కప్పు మీద ఎండతో కరెంటు తీసే పలకలు పెట్టుకున్నారట, ఆకుపచ్చ చుక్క వచ్చిందట. లారీ డ్రైవరు చెప్పాడు. అవునా, కాదా?

నువ్వు చెప్పకూడదా? సరే, చెప్పకు. నీ మొహమే చెబుతోంది.

మీ పట్టీలో, చేయకుండా ఆపినదాన్ని కొలిచే గడి ఉందా?

లేదు. తెలుసు నాకు, లేదు. ఎన్ని గడులమ్మా ఆ పట్టీలో! పాలు పితికేవాళ్ళకి ఒక గడి. ఇనుము కరిగించేవాళ్ళకి ఒకటి. అద్దాలు పోతపోసేవాళ్ళకి, జిగురు వండేవాళ్ళకి. గొడుగులు చేసేవాళ్ళకి కూడా ఉంది, తెలుసా? గొడుగులూ చేతికర్రలూ ఒకే గడిలో! ఎందుకో ఎంత ఆలోచించినా తట్టలేదు. రెండూ ముసలివాళ్ళే మర్చిపోయి వస్తారనా? చనిపోయినవాళ్ళకి పెట్టెలు చేసేవాళ్ళు ఒక గడి, పుట్టినవాళ్ళకి ఉయ్యాలలు చేసేవాళ్ళు ఒక గడి. ఒకే వడ్రంగే కదా రెండూ చేసేది! రోజంతా చదివాను. మొదటి గడి నుంచి చివరి గడి దాకా. నా జన్మలో అంత పెద్ద రాత ఎప్పుడూ చదవలేదు. లోకంలో ఇన్ని పనులున్నాయా, ఇంతమంది ఇన్ని రకాలుగా బతుకుతున్నారా అని...

ఏంటి, అలా చూస్తున్నావు?

అవును. మొత్తం చదివాను.

అవును, ప్రతి గడీ.

నువ్వు తెలివైనదానివి. గాలికి ఎగిరిపోతావన్నాను కానీ, గట్టిదానివే.

టీ తాగుతావా? వద్దా. నేను తాగుతాను. గొంతెండింది. లేదులే, నేనూ తర్వాతే తాగుతాను. నీ ప్రశ్న అలాగే కూర్చుని ఉంది కదా, మీ పనికి గడి కనపడలేదా అని.

ఉంది. ‘వాడిన వస్తువుల మరమ్మతు.’ తొంభై అయిదో నంబరు. పట్టీలో చివర్న ఎక్కడో ఉంది. నాకు కనపడింది. కనపడకపోవడమేంటి, పెన్ను దాని మీద పెట్టాను కూడా. దాని కింద ఏం రాశారో అదీ చదివాను. అక్కడ టిక్కు పెట్టి ఉంటే మాకు సగటు పొగ ఏమంత ఉండేది కాదు. ఎర్రచుక్క వచ్చేది కాదు. నువ్వు ఇంత దూరం వచ్చేదానివీ కాదు.

ఫారం నింపింది ఎవరో గుమాస్తా అనుకున్నావు కదూ? కూడబలుక్కుని చదివే ముసలావిడ తప్పుగా పెట్టించిందనుకున్నావు. పొద్దున్న నుంచీ నేనూ అలాగే అనుకోనిచ్చాను. నింపింది నేనే. తయారీ గడిలో ఆ టిక్కు నాది. పొరపాటు కాదు.

మీరు వెళ్ళండే, పని చూసుకోండి! ...లేదు, ఉండండి. మీరూ వినాల్సిందే. మీ కూడు సంగతి ఇది.

నాకు యాభై ఎనిమిదో ఏట అక్షరాలొచ్చాయమ్మాయ్. ఎలాగో తెలుసా? ఒళ్ళో సంచి వేసుకుని కుడుతుంటే దాని మీది అచ్చు నాకు తలకిందులుగా కనపడేది. మా మనవరాలు పక్కన కూర్చుని ఒక్కోటీ చెప్పేది. అందుకని ముందు తలకిందుల అక్షరాలే వచ్చాయి నాకు. పుస్తకం ఇస్తే తిప్పి పట్టుకునేదాన్ని. మా పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది. మా వదిన మాత్రం నవ్వలేదు. “ఎటు నుంచి చదివితేనేం, చదువుతోందిగా,” అంది. ఆవిడకి నోరు పెద్దది, మెచ్చుకోవడం చిన్నది. అదొక్కటే మెచ్చుకోలు, ముప్ఫై ఏళ్ళలో.

ఆ ఏడు మీ కంపెనీవాళ్ళు సరఫరాదారులందరినీ పిలిచారు. పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు. నేనూ వదినా వెళ్ళాం. ఒక్కొక్కరే లేచి ఏం తయారుచేస్తారో చెప్పాలి. డబ్బాలు చేసేవాడు లేచాడు, చప్పట్లు. తాళ్ళు చేసేవాడు లేచాడు, చప్పట్లు. వదిన లేచింది. “మీ సంచులు మేమే చేస్తాం,” అంది. మైకు పట్టుకున్నాయన కాగితం చూసి, “చేయడం కాదమ్మా, మరమ్మతు. మరమ్మతులవాళ్ళు వెనక వరసలో కూర్చోవాలి,” అన్నాడు. తిట్టలేదులే. నవ్వుతూనే అన్నాడు. హాలంతా కూడా నవ్వింది.

వెనక వరసకి వెళ్ళేదాకా ఆవిడ తల ఎత్తుకునే నడిచింది. ఇంటికొచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు. మా వదిన! నిద్రలో కూడా ఎవర్నో ఒకర్ని కేకలేసే మనిషి!

నువ్వే చెప్పు. గుమ్మంలో పడేసిన రోజు అది సంచా? గింజ పోస్తే నిలుస్తుందా? నిలవదు. చిల్లులగుడ్డ. మా దగ్గర్నించి వెళ్ళిన రోజు అది సంచి. మధ్యలో దాన్ని సంచిని చేసింది ఎవరు? పంతొమ్మిదిసార్లు చేసింది ఎవరు? దాన్ని చేయడం అనరా? అయితే ఏమంటారు?

మరమ్మతు. ఊఁ. అనండి.

మొన్న చలికాలంలో ఈ ఫారం వచ్చింది. అప్పటికి వదిన ఆ వెనక గదిలో మంచాన పడి ఉంది. డాక్టరు చేతులెత్తేశాడు. తలుపు తీసిపెట్టమంది, దబ్బనాల చప్పుడు వినపడాలని. నేను మంచం పక్కన కూర్చుని పట్టీ మొత్తం పైకి చదివాను. రోజంతా అన్నానే, అదే ఆ రోజు. గొడుగుల దగ్గర నవ్వింది. ఉయ్యాలల దగ్గర కళ్ళు మూసుకుంది. ‘సంచుల తయారీ’ దగ్గర కళ్ళు తెరిచింది. ‘మరమ్మతు’ దగ్గరికి రాగానే గోడవైపు తిరిగింది. “అదేగా మనం. పెట్టెయ్ టిక్కు,” అంది.

పెన్ను దాని మీదే ఉంది. ఒత్తితే అయిపోయేది.

ఆ వీపు చూశాను. మొత్తం ఎముకలు. వెనక్కి, పైన ఎక్కడో ఉన్న ఆ గడి దగ్గరికి పేజీలు తిప్పుకుంటూ వెళ్ళి, అక్కడ పెట్టాను. ఇంత లావు టిక్కు.

పొగ సంగతి తెలియదా అంటావా? సగం తెలుసు. ఇలా చుక్కలు పెడతారనీ, తీసేస్తారనీ తెలియదు. తెలిసి ఉంటే పెట్టేదాన్ని కాదా? ఏమో. నిన్నంతా నన్ను నేను అదే అడుగుతూ కూర్చున్నాను. తుమ్ములావిడకి ఇద్దరు పిల్లలు. ఆ మూలన కుట్టే ఆవిడకి కళ్ళు సగమే కనపడతాయి, ఇంకెక్కడా పని ఇవ్వరు. ఒక్క టిక్కుతో వీళ్ళందరి నోటి దగ్గర కూడు లాగేసినదాన్నయ్యాను. వీళ్ళకి ఇదే మొదటిసారి తెలియడం.

ఏంటే ఏడుపు? ఎవరూ పోలేదు ఇక్కడ. ముక్కు తుడుచుకో.

సవరణ కాగితం తెచ్చావు కదా? నీ సంచిలోంచి దాని మూల కనపడుతోంది. ఇవ్వు. నువ్వు కొట్టెయ్యకు, నేనే కొట్టేస్తాను. నా చేత్తో పెట్టాను, నా చేత్తోనే తీస్తాను. యంత్రం చేత తీయించుకోను.

ఇదిగో. తొంభై అయిదు. మరమ్మతు. సంతకం. తలకిందులుగా లేదులే, చూసుకో.

ఈ కింద ఖాళీ గీతలెందుకు? ‘ఇతర వివరములు’. రాయొచ్చా? నీ పని చెడుతుందంటే చెప్పు, అయినా రాస్తాననుకో.

‘ఏటా... అరవై వేల... సంచులు... పుట్టకుండా... మేం... చేస్తాం.’

చేస్తాం. అదే మాట. తప్పయితే మీవాళ్ళని వచ్చి దిద్దమను, నా ఎదురుగా. వచ్చినప్పుడు వెనక వరసలో కూర్చోబెడతాను. ఆ పొట్టి కాలు కుర్చీలో.

ఇంక వెళ్ళు, నీకు బస్సు టైమవుతుంది. చుక్క ఎప్పటికి మారుతుంది? పదిహేను రోజులా? సరే. మారకపోతే మళ్ళీ ఫోను చేస్తాను, ఈసారి మాత్రం మీరు అనను.

ఏంటి? వదినకి తెలుసా అనా? మరమ్మతులో కాదు, తయారీలో టిక్కు పెట్టానని?

చెప్పాను. గోడవైపే తిరిగి ఉంది. చెవి దగ్గర వంగి, “వదినా, తయారీలో పెట్టాను. తయారీదారులం మనం,” అన్నాను. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత తల ఇటు తిప్పి, పని చెప్పేటప్పుడు చూస్తుందే, అలాగే చూసి ఒక మాటంది. ఆ సాయంత్రానికి మాట పడిపోయింది. మూడో రోజు పోయింది. నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

“అయితే గుమ్మం మీద బోర్డు రాయించవే. నీలం రంగు మాత్రం వద్దు, ఎండకి వెలిసిపోతుంది.”